పట్టణమునకు రూపు దిద్దు చదువు



మహేశ్వరము వైపు గ్రామమునుండి వచ్చిన యొక వృద్ధులు కొంతకాలము క్రిందట నాతో మాటలాడుచు ఒక ప్రశ్న వేసిరి. వారి మనుమరాలు ఐదేండ్లు ఆర్కిటెక్చరు, అనగా భవన నిర్మాణ శాస్త్రము, చదివి పట్టము పొందినది. ఇక నాలుగు రాళ్లు సంపాదించునని యింటివారు ఎదురుచూచుచుండగా, మరి రెండేండ్లు అర్బన్ డిజైను అను పైచదువు చదివెదనని ఆమె పట్టుపట్టినదట. "ఇల్లు కట్టుట నేర్చినది చాలదా? ఊరు కట్టుటకు వేరే చదువేల? మా తాతలు ఊరు కట్టినప్పుడు ఏ కాలేజీకి పోయిరి?" అని వారి ప్రశ్న. ఆనాడు నేను చెప్పిన సమాధానము వారికి రుచింపలేదు. నిజము చెప్పవలెనన్న నాకును రుచింపలేదు. దానినే ఈ ప్రసంగమున కొంచెము నిదానముగా చెప్ప యత్నించెదను.

తాతలు ఊరు కట్టిరనుట అక్షరాల సత్యము. ఊరి నడుమ బొడ్రాయి నిలిపిరి. పల్లమున చెరువు, మెరకను ఇండ్లు ఉంచిరి. చెరువు నిండి అలుగు దూకినప్పుడు నీరు పోవు దారిలో గుడిసె యైనను వేయనీయలేదు. పదిమంది కూర్చుండుటకు రావిచెట్టు క్రింద అరుగు, పశువులు మళ్లుటకు మందబయలు, ఎడ్లబండి తిరుగుటకు వీధిమూల కొంత చోటు, ఇవి యన్నియు ఎవరో ఆలోచించి యుంచినవే. ఆ కూర్పులో అన్యాయమును కలదు. కొన్ని కులములవారిని ఊరి వెలుపల, మంచినీటికి దూరముగ ఉంచిన పాపము కూడ ఆ తాతలదే. పాత పల్లెను పొగడువారు ఈ మాట దాటవేయుచుందురు, దాటవేయరాదు. మంచియైనను చెడుగైనను, ఊరి రూపము తనంత తాను పుట్టదు, మనుష్యుల నిర్ణయముల వలన పుట్టును అనునదియే ఈ శాస్త్రమున మొదటి పాఠము.

అయితే వెనుకటి నిర్ణయములు రచ్చబండ ఎదుట జరిగినవి, మెల్లగ జరిగినవి. తప్పు జరిగిన యెడల దిద్దుకొనుటకు రెండు మూడు తరముల వ్యవధి యుండెను. నేటి సంగతి యట్లు కాదు. శంషాబాదును చూడుడు. 2005వ సంవత్సరమున విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగెను; 2008 మార్చి నెలలో విమానములు దిగెను. సుమారు 5,500 ఎకరముల నేల మూడేండ్లలో మరియొక రూపు దాల్చెను. అంత నేలచుట్టు ఆవరణ ఏర్పడిన పిమ్మట దాని నడుమ నుండిన బండిబాటలు నిలుచునా? పొరుగూరి చుట్టరికములు సయితము చుట్టుదారి పట్టవలసి వచ్చెను. తరువాత నగరముచుట్టు 158 కిలోమీటర్ల వలయ రస్తా వచ్చెను. 2009లో మెహిదీపట్నము మొదలు ఆరాంఘర్ వరకు 11 కిలోమీటర్లకు పైబడిన స్తంభముల రస్తా వచ్చెను. 2008లోనే హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ యేర్పడి, సుమారు ఏడు వేల చదరపు కిలోమీటర్ల భూమి దాని చేతిలోనికి పోయెను. 2025లో శ్రీశైలము రస్తా దక్షిణపు దిక్కున ఏడు మండలములలోని 56 గ్రామములను కలిపి ఫ్యూచర్ సిటీ అను పేర మరియొక అభివృద్ధి సంస్థను ప్రభుత్వమువారు ఏర్పరచిరి. ఈ నిర్ణయములలో నొక్కటియు రచ్చబండ ఎదుట జరిగినది కాదు. పటముల మీద జరిగినవి. ఆ పటములు గీయువాడెవడు? గీయుటకు ముందు వాడేమి చూచును? ఏమి చూడడు? ఆ వృద్ధుల ప్రశ్నకు జవాబు ఇచ్చట నున్నది.

మొదట మూడు వృత్తుల భేదము తెలియవలెను. స్థలములోపల కట్టడమును గూర్చి ఆలోచించువాడు ఆర్కిటెక్టు. ఏ నేలలో నివాసములు, ఏ నేలలో కర్మాగారములు, ఎంత వెడల్పు రస్తాలు, ఎన్ని బడులు, ఎంత నీరు అని లెక్కలు వేసి, వానిని చట్టబద్ధమైన మాస్టర్ ప్లానుగ తయారుచేయువాడు నగర ప్రణాళికాకారుడు, ప్లానరు. ఈ యిద్దరికి నడుమ ఎవరికిని చెందక మిగిలిన దొకటి కలదు. ఇంటికిని ఇంటికిని నడుమనున్న బయలు, వీధి, బజారు, చెరువుకట్ట, గుడిముందరి ఖాళీ, బస్సు ఆగు చోటు. మనుష్యుడు ఇల్లు విడిచిన క్షణము మొదలు మరల ఇల్లు చేరువరకు బ్రదుకునది ఈ నడిమి చోటుననే. దానికి రూపు దిద్దువాడు పురరూపకర్త. ఆ విద్యయే అర్బన్ డిజైను. ప్లానరు పటము మీద పసుపు రంగు పూసి "నివాసము" అని వ్రాసిన చోట, ఎండకు నీడ కలదా, ముసలమ్మ రస్తా దాటగలదా, వానకు నీరెటు పోవును అని అడుగువాడు వీడు.

ఈ పేరు క్రొత్తది. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున హోసే లూయీ సెర్ట్ అను ఆచార్యుడు 1956లో ఒక సభ కూర్చి ఈ విషయమును చర్చకు తెచ్చెను. 1960లో అచ్చట పైచదువుగ ప్రారంభించిరి. మన దేశమున ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చరు వారు 1969లో ఈ శాఖను తెరచిరి. పేరు క్రొత్తదైనను పని పాతది. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా పాలనలో చార్మినారు వెలసినప్పుడు, నాలుగు దిక్కులకు నాలుగు రాచబాటలు పోవునట్లును, దానికి ఉత్తరమున నాలుగు కమానులు ఒక నడిమి హౌజును చుట్టుకొని నిలుచునట్లును కూర్చిరి. అది ఒక్క భవనము కట్టుట కాదు. భవనముల నడుమ చోటును కట్టుట. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది జనమును బలిగొనిన పిమ్మట, విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము పూర్తియైనవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను విప్పి రస్తాలు వేసెను. మీరు హైదరాబాదు పోయినప్పుడు పత్తర్ గట్టి బజారున ఒకమారు నిలిచి చూడుడు. వరుసగ రాతి కమానులు, వాని వెనుక దుకాణములు, మీద నివాసములు. దుకాణదారుకు ఎవరి దుకాణము వారిదే, కాని ముఖము అందరికిని ఒక్కటే. కమాను క్రింద నడచువానికి ఎండ తగులదు, వాన తగులదు. ఆ కమాను క్రింది నాలుగు బారల చోటును గూర్చి ఎవరో కూర్చుండి ఆలోచించిరి. ఆ యాలోచనకే నేడు పట్టమిచ్చుచున్నారు.

ఇక ఆ రెండేండ్లలో నేర్పునదేమి? తరగతిలో ఉపన్యాసములు కొంతమాత్రమే, ముఖ్యమైనది స్టూడియో. ఒక నిజమైన ఊరిని గాని పేటను గాని తీసికొని, ఇరువది మంది విద్యార్థులు నెలల తరబడి దానిని చదువుదురు. పుస్తకము చదివినట్లే చదువుదురు. చెప్పుటకు సులభముగ నుండునని, పహాడీ షరీఫును ఉదాహరణముగ గైకొందము. మీలో పలువురు చూచినదే.

చార్మినారునకు దక్షిణముగ, శ్రీశైలము పోవు రస్తామీద, నల్లరాతి గుట్ట యొకటి కలదు. దానిమీద బాబా షర్ఫుద్దీన్ గారి దర్గా. పదమూడవ శతాబ్దమున దక్కనుకు వచ్చిన సూఫీ మహాత్ములు వారు. గోలకొండ సుల్తానులకంటెను, హైదరాబాదు నగరముకంటెను ఆ గుట్టమీది కీర్తి పాతది. మెట్లెక్కి పోవువారిలో తురకలు, హిందువులు అను భేదము లేదు. ఉరుసు దినములలో జనము క్రిక్కిరిసి యుండును. గుట్టచుట్టు ఒకప్పుడు బండలు, పొలములు, చెరువులు. నేడు ఒకవైపు నగరపు బస్తీలు, మరియొకవైపు విమానాశ్రయము. ఇట్టి చోటికి విద్యార్థులు వచ్చిరనుకొనుడు.

వారు మొట్టమొదట గీయు పటము మీకు వింతగ తోచును. కట్టడములన్నింటిని నల్లగ నింపి, మిగిలిన బయలును తెల్లగ విడుతురు. 1748లో రోము నగరమునకు జాంబాటిస్టా నొల్లి అను నతడు ఇట్టి పటము గీసెను. అతని తెలివి యేమనగా, దేవాలయముల లోపలి భాగమును కూడ వీధివలెనే తెల్లగ విడిచెను. ఎవరైనను పోదగిన చోటు గనుక అది వీధిలో భాగమే యని అతని భావము. పహాడీ షరీఫును ఆ విధముగ గీసిన యెడల గుట్టమీది మెట్లు, దర్గా ముంగిలి, మసీదు ముందరి అరుగు, బజారు అన్నియు కలసి యొక తెల్లని నదివలె కనబడును. బస్తీ సందులు సన్నని తెల్లదారములు. విమానాశ్రయము మాత్రము విశాలమైన యొక ప్రాంతము. తెల్లగ విడువదగినదియు కాదు, నల్లగ నింపదగినదియు కాదు. ఖాళీయే, కాని ఎవరును పోగూడదు. ఒక్క పటము చూడగనే, ఈ ప్రాంతమున సామాన్యునికి దక్కిన చోటెంత, దక్కని దెంత యని తెలియును. పదిపుటల వ్యాసము కంటె ఈ నలుపు తెలుపులే ఎక్కువ చెప్పునని నా యభిప్రాయము.

తరువాత మనుష్యులను అడుగుట. కెవిన్ లించ్ అను అమెరికా ఆచార్యుడు 1960లో అచ్చువేసిన గ్రంథమున, బోస్టను మొదలగు మూడు నగరముల వాసులచేత వారి వారి నగరముల పటములను జ్ఞాపకమునుండి గీయించి, ఒక సంగతి కనిపెట్టెను. మనుష్యుడు ఊరిని మనస్సున ఐదు వస్తువులుగ నిలుపుకొనునట: నడచు దారులు, ఆపు అంచులు, ఒకే పోలిక గల పేటలు, దారులు కలియు కూడలులు, దూరమునుండి కనబడు గురుతులు. మనవారి విషయమున ఇది యెంత సరిపోవునో చూడుడు. శ్రీశైలము రస్తా దారి. విమానాశ్రయపు గోడ అంచు. షాహీన్ నగర్ వంటి బస్తీ ఒక పేట. గుట్ట క్రింది బజారు కూడలి. గుట్ట మీది దర్గా గురుతు. ఎదుట ఎత్తైన మేడలు లేచి గుట్ట కనబడకపోయిన దినమున, ఆ ఊరివారి మనస్సులోని పటమున గురుతు చెడిపోవును. కావున విద్యార్థి ఏ వీధినుండి గుట్ట కనబడును, ఏ ఎత్తు మేడ లేచిన కనబడదు అని గీతలు గీసి లెక్కించును. విమానముల రాకపోకల నిమిత్తము ఆశ్రయము చుట్టుపట్ల కట్టడముల ఎత్తునకు ఎట్లును పరిమితి కలదు. విమానాశ్రయ సాధికారసంస్థవారి యనుమతి లేక దానిని మించరాదు. విమానమునకు అడ్డము రాకూడదని చట్టమున్నది. యాత్రికుని చూపునకు అడ్డము రాకూడదని చట్టము కావలెనా వద్దా? ఇట్టి చర్చలతో ఆ తరగతిలో దినములు గడచును.

ఆ బండల మాట కూడ చెప్పవలెను. హైదరాబాదు చుట్టునున్న ఈ నల్లరాతి గుట్టలు సుమారు రెండువందల ఏబది కోట్ల యేండ్ల నాటివి. వానిని కంకరగ కొట్టి రస్తాలకు పోయుచుండగా, కాపాడవలెనని 1996లో నగరమున కొందరు ఒక సంఘము పెట్టుకొనిరి. బండను పగులగొట్టి సమతలము చేసి ఇల్లు కట్టుట సులభము. బండను ఉంచి దాని నీడను ముంగిలిగ వాడుకొనుట కష్టము, ఆలోచన కావలెను.

ఇప్పుడు నీటి సంగతి. నేను అన్నింటికంటె ఎక్కువ సేపు నిలువదలచినది ఇచ్చటనే; ఏలయన ఇది అందచందముల మాట కాదు, ప్రాణముల మాట. మన చెరువులు గొలుసుకట్టు చెరువులని మీకు నేను చెప్పనక్కరలేదు. మీది చెరువు అలుగు దూకిన నీరు క్రింది చెరువునకు, అచ్చటనుండి మరియొక దానికి, తుదకు మూసీకి. జల్పల్లి, బాలాపూరు, బండ్లగూడ ప్రాంతములు అట్టి గొలుసులలోనివే. శిఖము భూమిలో, అనగా చెరువు నిండినప్పుడు మునుగు నేలలో, నీరు తీసినప్పుడు పైరు వేయుట మన ఆచారము. ఇల్లు వేయుట ఆచారము కాదు. నగరము మీదికి వచ్చినప్పుడు ఆ ఆచారము తెలియని వారికి ఆ నేలలు తునకలు తునకలుగ అమ్ముడుపోయినవి. కొన్నవారు పేదలు, నగరమున చోటు దొరకక, కూడబెట్టినదంతయు పోసి కొన్నవారు. 2020 అక్టోబరు 13 రాత్రి కుంభవృష్టి కురిసెను. పల్లె చెరువు కట్ట తెగి అలీనగర్ వైపు ప్రవాహము పరుగెత్తి మనుష్యులు కొట్టుకొనిపోయిరి. నాలుగైదు దినములకు బాలాపూరున గుర్రం చెరువు కట్ట తెగి క్రింది బస్తీలు మునిగెను. జల్పల్లి ప్రాంతపు ఉస్మాన్ నగరమున బుర్హాన్ ఖాన్ చెరువు నీరు నెలల తరబడి ఇండ్లలో నిలిచియుండెను. 1908 నాటి మూసీ వరద నుండి నేర్చిన పాఠమును నూట పండ్రెండేండ్లకు మరల నేర్వవలసి వచ్చెను.

ఈ విద్యార్థి ఇట్టిచోట ఏమి చేయును? మొదట నిజాము కాలపు గ్రామ నక్షా తెచ్చి, దానిమీద నేటి కట్టడముల పటమును పరచును. పాత కాలువ మీద ఎన్ని యిండ్లు కలవో, అలుగు ముఖము ఎంత మూసికొనిపోయెనో అప్పుడు కనబడును. ఎగువ పరీవాహపు నేల నెంత భాగము సిమెంటుతో కప్పబడెనో కొలుచును. మట్టి త్రాగు నీటిని సిమెంటు త్రాగదు గనుక, ఎంత వర్షమునకు ఎంత వరద వచ్చునో లెక్కించును. ఇంతవరకు ఇంజనీరును చేయగలడు. తరువాతిది క్లిష్టము. ఇండ్లన్నియు కూలద్రోయుడని వ్రాయుట ఒక నిమిషపు పని. కూలిన ఇంటివాడు ఎచ్చటికి పోవును? ఏ యిండ్లు తప్పక తీయవలెను, వారికి నడచిపోదగిన దూరములోనే ఎచ్చట చోటు చూపవచ్చును, మిగిలిన సందులలో ఏది నీటిబాటగను నడకబాటగను రెండు విధముల పనికివచ్చును, ఎండకాలమున పిల్లలాడుకొను బయలును వానకాలమున నీటిగుంటగ ఎట్లు మలచవచ్చును, ఇది యంతయు గీసి, కొలిచి, ఖర్చు వ్రాసి, జ్యూరీ అను పరీక్షక మండలి యెదుట నిలిచి సమర్థించుకొనవలెను. మంచి జ్యూరీవారు దయ చూపరు. "ఈ గోడ ప్రక్క రాత్రి పది గంటలకు ఒంటరిగ ఒక స్త్రీ నడచునా?" అని యొక్క ప్రశ్నతో మూడు నెలల పనిని క్రిందికి దింపుదురు. అట్లు దింపుటయే న్యాయము.

ఇట్లు మొదటి రెండు అర్ధసంవత్సరములలో చిన్న పేట, తరువాత పెద్ద ప్రాంతము, నాల్గవ అర్ధసంవత్సరమున ఎవరికి వారే యెంచుకొనిన విషయముమీద సిద్ధాంతవ్యాసము. నడుమ నగరముల చరిత్ర, రాకపోకలు, భూమి వెలలు, గృహవసతి, చెట్లు చేమలు, చట్టములు మొదలైన పాఠములు. చట్టములను చిన్నచూపు చూచు విద్యార్థులు కలరు, వారు పొరబడుచున్నారు. శంషాబాదు పడమటి గ్రామములనే చూడుడు. జంట సాగరములు కలుషితము కాకుండ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామములలో కట్టడములను నిరోధించుచు 1996 మార్చిలో 111వ నంబరు ఉత్తర్వు వెలువడెను. నగరమునకు త్రాగునీరు దక్కినది. కాని ఆ గ్రామపు రైతు తన ఎకరము వెల, గట్టు అవతలివాని ఎకరము వెలలో నెన్నవ భాగమో లెక్కించుకొనుచు ఇరువదియారేండ్లు కూర్చుండెను. 2022 ఏప్రిలులో ఆ నిర్బంధములను సడలించుచు మరియొక ఉత్తర్వు వచ్చెను. అప్పుడు రైతు సంతోషించెను, నీటిని గూర్చి తలంచువారు భయపడిరి. నా మట్టుకు, నీటి నిమిత్తము ఒకరి భూమిని కట్టివేయుట న్యాయమే, కాని దాని నష్టము నీరు త్రాగువారందరు పంచుకొనకుండుట న్యాయము కాదు. గీత గీయువాడు ఈ రెండు ముఖములను ఎరుగకున్న, ఎంత చక్కగ గీసినను వ్యర్థమే.

ఇచ్చట ఒక పాతకథ. స్కాట్లండు వాడగు పాట్రిక్ గెడ్డిస్ అను మహాశయుడు 1914లో మన దేశమునకు వచ్చెను. అతని ప్రదర్శన పటములు మోసికొని వచ్చుచున్న ఓడను జర్మనుల ఎమ్డెన్ నౌక సముద్రమున ముంచివేసెను; మరల పటములు కూర్చుకొని 1915లో మద్రాసున ప్రదర్శించెను. మందు ఇచ్చుటకు ముందు రోగిని పరీక్షించినట్లు, పటము గీయుటకు ముందు ఊరిని కాలినడకను తిరిగి చూడవలెనని అతని బోధ. పాత బస్తీని నేలమట్టము చేసి వెడల్పు రస్తా వేయుట అతనికి కిట్టదు. శస్త్రవైద్యుడు చెడిన భాగమునే తీసినట్లు, ఒక యిల్లు తీసి గాలి యాడనిచ్చి, ఒక బావిని బాగుచేసి, ఒక చెట్టు నాటి ఊరిని బ్రదికింపవలెననును. ఇండోరు నగరమున మహామారి వ్యాపించియున్న దినములలో ఆతడు దీపావళికి ఒక ఊరేగింపు ఏర్పరచి, ఏ వీధులవారు తమ వీధిని శుభ్రముగ నుంచుకొందురో ఆ వీధులగుండనే ఊరేగింపు వచ్చునని చాటించెనట. వీధులూడ్చు పనివారిని పూలదండలతో సత్కరించి ఊరేగింపులో నడిపించెనట. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయమువారు ఆతనిని ఆచార్యునిగ నియమించిరి. నేటి విద్యార్థులు ఆతని పేరు పరీక్షకు చదువుదురు. ఆతనివలె నడచువారు కొందరే.

ఈ మాట అనుటచే విద్యలోని లోపముల ప్రస్తావన వచ్చినది గనుక దాచక చెప్పెదను. మొదటి లోపము: పని యంతయు ఆంగ్లమున జరుగును. పహాడీ షరీఫు బస్తీలో దక్కనీ ఉర్దూ, ప్రక్క పల్లెలలో తెలుగు. పటము మీది యక్షరములు మాత్రము ఇద్దరికిని తెలియనివి. ఎవరి ఇంటిమీద గీత పోయెనో వారు దానిని చదువలేరు. రెండవది: కంప్యూటరు మీద రంగుల చిత్రములు వేయుట యలవాటై, మిట్టమధ్యాహ్నపు వేసవి యెండలో సయితము పచ్చికమీద జనము నవ్వుచు నడచుచున్నట్లు చూపుదురు. మే నెలలో మన నేలమీద ఆ పచ్చిక ఉండదు, ఆ జనమును ఉండదు. మూడవది: చదివినవారిలో ఎక్కువమంది పెద్ద కంపెనీల కచ్చేరులలో చేరి, ఎచ్చటి నగరములకో గీయుచుందురు, ఊరిపట్టున పనిచేయువారు అరుదు. అందుకు వారిని మాత్రమే నిందింపలేము. ప్రభుత్వ ప్రకటనలలో ప్లానరు ఉద్యోగములు కనబడినంతగ పురరూపకర్త ఉద్యోగములు కనబడవు.

ఇక ప్రవేశపు సంగతి క్లుప్తముగ. ఇంటర్మీడియేటున గణితము చదివి, నాటా గాని జేఈఈ రెండవ ప్రశ్నపత్రము గాని వ్రాసి, ఐదేండ్ల బి.ఆర్క్. పూర్తిచేయవలెను. ఆ పిమ్మట గేట్ అను దేశవ్యాప్తమగు పరీక్షలో ఆర్కిటెక్చరు, ప్లానింగు అను పత్రము వ్రాసినవారికి కేంద్రప్రభుత్వ సంస్థలలో చోటు దొరకును; గేట్ అర్హులకు నెలసరి వేతనముగ కొంత ధనమిచ్చు పద్ధతియు కలదు. మన తెలంగాణమున పి.జి. ఈసెట్ అను ప్రవేశపరీక్ష వేరుగ జరుగును. పురరూపరచన యను పేరనే పైచదువు ఢిల్లీ, భోపాలు స్కూళ్లలోను, అహమదాబాదు సెప్ట్ విశ్వవిద్యాలయమునను కలదు. మన యిండ్లకు దగ్గరగ, హైదరాబాదు మాసబ్ ట్యాంకు కడ 1940 నాటి కళాశాల పెరిగి 2008లో జవహర్లాల్ నెహ్రూ ఆర్కిటెక్చరు, లలితకళల విశ్వవిద్యాలయమైనది. ఆ యేడే విజయవాడలో కేంద్రప్రభుత్వపు స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చరు వెలసినది. ఈ రెంటను దీనికి దాయాదులగు నగర ప్రణాళికా శాఖలు కలవు. ఏ యేడు ఏ శాఖ, ఎన్ని చోట్లు అనునది ఆ యేటి ప్రకటన చూచి నిశ్చయించుకొనవలెను. దళారి మాట నమ్మరాదు.

ఇంత విని ఆ వృద్ధులు, "సరే, మా మనుమరాలు చదువునుగాక. ఆమె చదివి వచ్చులోపల మా ఊరిమీద ఎవరో గీసిన గీత వచ్చిపడిన మేమేమి చేయవలెను?" అనిరి. ఇది మొదటి ప్రశ్నకంటె మంచి ప్రశ్న. మాస్టర్ ప్లాను ముసాయిదాను తయారుచేసిన సంస్థ దానిని ప్రకటించి, జనుల యాక్షేపణలను, సలహాలను కోరవలెనని చట్టము. గడువు తేదీ ప్రకటనలోనే యుండును. ఆ దినములలో పటము చూచుటకు పోయినప్పుడు చేతిలో పట్టాదారు పుస్తకము మాత్రమే పట్టుకొని పోకుడు. మీ సర్వే నంబరు ఏ రంగులో పడెనో చూచుట అవసరమే, కాని అది యొక్కటే చూచి తిరిగి వచ్చుట వలననే చెరువులు పోయినవి. గ్రామ నక్షా తీసికొనిపొండు. అలుగు ఎచ్చట నుండెను, కాలువ ఎటు పారెను, పీరీల చావిడి ముందరి బయలు ఎంత, శ్మశానమునకు దారి యేది, మంద యే దారిని మేతకు పోవును, జాతర నాడు బండ్లు ఎచ్చట విప్పుదురు, ఇవన్నియు పటములో నున్నవా లేవా చూడుడు. లేని యెడల కాగితము మీద తెలుగుననే వ్రాసి, తేదీ వేసి, పదిమంది వ్రేలిముద్రలు గాని దస్కతులు గాని పెట్టి, గడువులోపల అందజేసి, ముట్టినట్లు రసీదు తీసికొనుడు.

ఆమె సెలవులలో ఇంటికి వచ్చినప్పుడు కొలతటేపు ఒక కొన పట్టుకొనుటకు మనిషి కావలసి వచ్చునని, ఆ పని తాత చేయవచ్చుననియు వారితో చెప్పితిని. వారు నవ్వి, తమ ఊరి చెరువుకట్ట మీద మొదట ఎచ్చట నిలువవలెనో తమకు తెలియుననిరి.